ఒకే తేదీన రెండు చరిత్రలు: కాకతాళీయం ఎంత, మనుషుల పని ఎంత?

మెక్సికో నగరంలో సెప్టెంబర్ 19 వచ్చిందంటే సైరన్లు మోగుతాయి. 1985లో ఆ రోజు ఉదయం 8.0 తీవ్రతతో వచ్చిన భూకంపం వేలమందిని బలి తీసుకుంది. దాని జ్ఞాపకంగా అదే తేదీన భూకంప డ్రిల్ చేయడం అలవాటైంది. 2017లో ఉదయం 11 గంటలకు డ్రిల్ ముగించుకుని జనం ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. మధ్యాహ్నం 1:14కి నిజమైన భూకంపం వచ్చింది. తీవ్రత 7.1. మూడు వందల మందికి పైగా చనిపోయారు. 2022లో మళ్లీ సెప్టెంబర్ 19నే, డ్రిల్ అయి గంట కూడా గడవకముందే, ఇంకో పెద్ద భూకంపం.

ఇలాంటిది వింటే ఒళ్లు జలదరిస్తుంది. ఆ తేదీలోనే ఏదో ఉందని అక్కడ చాలామంది అనుకున్నారు కూడా. భూకంప శాస్త్రవేత్తలు మాత్రం ఇది కాకతాళీయమేనని తేల్చేశారు. మెక్సికో పసిఫిక్ తీరం దగ్గర కోకోస్ పలక ఉత్తర అమెరికా పలక కిందికి దూరుతూ ఉంటుంది కాబట్టి అక్కడ పెద్ద భూకంపాలకు కొదవ లేదు. తరచూ వచ్చేవి ఎప్పుడో ఒకసారి ఒకే తేదీన పడక తప్పదు. ఇక్కడ ఎవరూ పెద్దగా చెప్పని సంగతి ఒకటుంది. 2017లోనే సెప్టెంబర్ 7 రాత్రి, 19 నాటి దానికంటే చాలా పెద్దది, 8.2 తీవ్రత గల భూకంపం దక్షిణ తీరాన్ని కుదిపింది. తేదీ కలవలేదు కాబట్టి ఈ కథలో దానికి చోటు దక్కలేదు.

'చరిత్రలో ఈ రోజు' జాబితాలు చదివేటప్పుడు నాకు తరచూ అనిపించేది ఇదే. తేదీలు కలవడం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. కొన్ని ఊరికే కలుస్తాయి. కొన్నిటిని మనుషులు పనిగట్టుకుని కలుపుతారు. కొన్ని అసలు కలవనే లేదు, కలిసినట్టు కనిపిస్తాయంతే. విచిత్రం ఏమిటంటే, మనం నోరు తెరిచి చూసేది ఎక్కువగా ఊరికే కలిసినవాటిని. వాటినుంచి చరిత్ర గురించి తెలిసేది మాత్రం దాదాపు ఏమీ ఉండదు.

ఊరికే కలవడం ఎంత సులువో ఒక చిన్న లెక్క చెబుతుంది. ఒక గదిలో 23 మంది ఉంటే చాలు, వాళ్లలో ఎవరో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగం దాటుతుంది. నమ్మబుద్ధి కాదు. ఎందుకంటే మనం వెంటనే 'నా పుట్టినరోజుతో ఎవరిది కలుస్తుంది' అని ఆలోచిస్తాం. కానీ 23 మందిని ఇద్దరిద్దరుగా చూస్తే 253 జతలు వస్తాయి. వాటిలో ఏ ఒక్కటి కలిసినా కలిసినట్టే. అమెరికా అధ్యక్షుల్లో పోక్, హార్డింగ్ ఇద్దరూ నవంబర్ 2న పుట్టారు. ఫిల్‌మోర్, టాఫ్ట్ ఇద్దరూ మార్చి 8న పోయారు. ట్రూమన్, ఫోర్డ్ ఇద్దరూ డిసెంబర్ 26న పోయారు. గాంధీ, లాల్ బహదూర్ శాస్త్రి ఇద్దరూ అక్టోబర్ 2న పుట్టారు. చరిత్రలో పేరున్న మనుషులు, ఘటనలు వేలల్లో ఉంటే, వాటిని సర్దడానికి ఉన్నవి 366 గడులే. కలవకపోతేనే వింత.

అయినా 1826 జూలై 4 సంగతి వినగానే ఈ లెక్క కాసేపు పక్కకు పోతుంది. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన తయారు చేసిన కమిటీలో ఉన్న జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ ఇద్దరూ ఆ ప్రకటనకు సరిగ్గా 50 ఏళ్లు నిండిన రోజున, కొన్ని గంటల తేడాతో, వేర్వేరు రాష్ట్రాల్లో చనిపోయారు. ఇద్దరూ మాజీ అధ్యక్షులే. ఐదేళ్ల తర్వాత మరో మాజీ అధ్యక్షుడు జేమ్స్ మన్రో కూడా జూలై 4నే పోయాడు. అప్పటి జనం ఇందులో దేవుడి చెయ్యి చూశారు. ఆడమ్స్‌కు 90, జెఫర్సన్‌కు 83. ఇద్దరూ మంచాన పడి ఉన్నారు. జూలై 3 రాత్రి జెఫర్సన్ 'నాలుగో తేదీ వచ్చిందా' అని అడిగినట్టు పక్కన ఉన్నవాళ్లు రాసిపెట్టారు. దాన్నిబట్టి ఆ రోజు కోసం ప్రాణం ఉగ్గబట్టుకుని ఉంటారని కొందరు అంటారు. కావచ్చు. ఇద్దరి విషయంలో దాన్ని నిరూపించే దారి లేదు.

నాకు అంతకంటే ఆసక్తిగా అనిపించేది ఆ జూలై 4 అన్న తేదీయే. స్వాతంత్ర్యానికి అనుకూలంగా వలసల ప్రతినిధులు కూడిన కాంగ్రెస్ ఓటేసింది 1776 జూలై 2న. రాబోయే తరాలు జూలై 2ను పండగలా జరుపుకుంటాయని ఆడమ్స్ స్వయంగా భార్యకు రాశాడు. జూలై 4న జరిగింది ప్రకటన పాఠానికి ఆమోదం. ప్రతినిధుల్లో ఎక్కువమంది సంతకాలు చేసింది ఆగస్టు 2న. ముద్రించిన కాగితం మీద జూలై 4 అని ఉంది కాబట్టి జనం మనసులో అదే నిలిచింది. అంటే ఆడమ్స్ తాను ఊహించిన పండగ రోజున కాదు, దాని తర్వాత రెండో రోజున పోయాడు.

కాకతాళీయం ఎక్కడ ఆగి మనిషి ఉద్దేశం ఎక్కడ మొదలవుతుందో చూడాలంటే ఇంగ్లండ్‌లో రాజు మీద పోరాడి, తర్వాత దేశాన్ని పాలించిన సేనాని ఆలివర్ క్రామ్‌వెల్ జీవితం మంచి ఉదాహరణ. 1650 సెప్టెంబర్ 3న డన్‌బార్ దగ్గర గెలిచాడు. సరిగ్గా ఏడాదికి, 1651 సెప్టెంబర్ 3న, వూస్టర్ దగ్గర గెలిచాడు. మొదటిది కలిసొచ్చిన రోజు. రెండోదానికి ఆ తేదీ కోసమే ఆగాడన్న వాదన ఉంది. ఇక 1654కి వచ్చేసరికి అనుమానమే లేదు. కొత్త పార్లమెంటు సెప్టెంబర్ 3న సమావేశం కావాలని రాజ్యాంగ పత్రంలోనే రాయించారు. ఆ రోజు ఆదివారం అయినా సరే జరిపించారు. చివరికి 1658లో క్రామ్‌వెల్ చనిపోయింది కూడా సెప్టెంబర్ 3నే. మొదట తేదీ మనిషిని ఎంచుకుంది, తర్వాత మనిషి తేదీని ఎంచుకున్నాడు, ఆఖర్న మళ్లీ ఎవరి ప్రమేయమూ లేదు.

ఆయన శత్రువులకూ తేదీల విలువ తెలుసు. రాజు మొదటి చార్లెస్ తల నరికింది 1649 జనవరి 30న. రాజరికం తిరిగి వచ్చాక క్రామ్‌వెల్ శవాన్ని సమాధిలోంచి తవ్వి తీసి ఉరికొయ్యకు వేలాడదీసింది 1661 జనవరి 30న. చనిపోయి రెండేళ్లు దాటిన మనిషికి మరణశిక్ష వేయడమే విడ్డూరం. దానికి సరైన తేదీ చూసుకోవడం ఇంకా విడ్డూరం. కానీ ఆ పని ఉద్దేశం మొత్తం ఆ తేదీలోనే ఉంది. తేదీ మారిస్తే అది ఉత్త శవం మీద పగ. ఆ తేదీన చేశారు కాబట్టి రాజహత్యకు బదులు తీర్చుకున్నట్టు లోకానికి తెలిసింది. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్లకు, 1948లో గాంధీ హత్య జరిగింది కూడా జనవరి 30నే. 1933లో హిట్లర్ ఛాన్సలర్ అయిందీ ఆ రోజే. ఈ రెండిటికీ పై కథతో ఏ సంబంధమూ లేదు, అయినా జాబితాల్లో అన్నీ వరసగా పక్కపక్కనే కూర్చుంటాయి.

ఫ్రాన్స్‌లో డిసెంబర్ 2ది దాదాపు ఇదే కథ. 1804లో ఆ రోజు నెపోలియన్ చక్రవర్తిగా కిరీటం పెట్టుకున్నాడు. 1805లో అదే రోజు ఆస్టర్‌లిట్జ్ యుద్ధం గెలిచాడు. శత్రు సైన్యాల కదలిక కుదిరి యుద్ధం ఆ రోజుకు వచ్చింది, వార్షికోత్సవం అని ముందురోజు రాత్రి సైనికులు కాగడాలు వెలిగించారు. 1851లో ఆయన తమ్ముడి కొడుకు లూయీ నెపోలియన్ అధ్యక్షుడిగా ఉండి అధికారాన్ని బలవంతంగా చేజిక్కించుకోవడానికి ఇదే తేదీని ఎంచుకున్నాడు. మరుసటి ఏడాది సామ్రాజ్యం ప్రకటించుకున్నదీ డిసెంబర్ 2నే. తనకంటూ చెప్పుకోదగ్గ విజయం లేనివాడికి పెదనాన్న తేదీ పెట్టుబడి అయింది.

భారత రాజ్యాంగం విషయంలోనూ తేదీ ఎంపిక దాపరికం లేని రాజకీయమే. రాజ్యాంగ సభ దాన్ని ఆమోదించింది 1949 నవంబర్ 26న. ముఖ్య భాగం అమల్లోకి రావడానికి రెండు నెలలు ఆగారు. 1929 డిసెంబర్‌లో లాహోర్ కాంగ్రెస్ పూర్ణ స్వరాజ్యం తీర్మానించాక, 1930 జనవరి 26ను స్వాతంత్ర్య దినంగా జరిపారు. 1947లో అసలు స్వాతంత్ర్యం వేరే తేదీన వచ్చేసరికి ఆ పాత రోజుకు పని లేకుండా పోయింది. దానికి మళ్లీ పని కల్పించడానికే జనవరి 26. ఆస్ట్రేలియా కూడా జనవరి 26నే తన జాతీయ దినం జరుపుకుంటుంది. 1788లో బ్రిటిష్ నౌకలు సిడ్నీ రేవులో జెండా పాతిన రోజు అది. ఒకటి వలస పాలన మొదలైన రోజు, ఇంకొకటి దాన్ని వదిలించుకుంటామని ప్రతిజ్ఞ చేసిన రోజు. చెప్పుకోవడానికి బాగుంటుంది, కానీ ఒకదానికి ఇంకోదానితో సంబంధం లేదు.

ఆగస్టు 15 మాత్రం వేరు. ఆ రోజును భారత్, కొరియా రెండూ జరుపుకోవడం వెనక ఒకే కారణం ఉంది. 1945 ఆగస్టు 15 మధ్యాహ్నం జపాన్ చక్రవర్తి లొంగుబాటు ప్రకటన రేడియోలో వినిపించింది. జపాన్ కింద ఉన్న కొరియాకు అది విముక్తి. దక్షిణ కొరియా ప్రభుత్వం 1948లో ఏర్పడినప్పుడు కూడా అదే తేదీ పెట్టుకున్నారు. భారత్‌కు అధికార బదిలీ 1948 జూన్ లోపు జరగాలని బ్రిటన్ చెప్పింది. వైస్రాయ్‌గా వచ్చిన మౌంట్‌బాటన్ దాన్ని ముందుకు లాగి 1947 ఆగస్టు 15 అన్నాడు. యుద్ధకాలంలో ఆగ్నేయాసియాలో మిత్రపక్షాల సేనాధిపతి ఆయనే. జపాన్ లొంగిపోయి రెండేళ్లు నిండే రోజు కాబట్టి అది ఎంచుకున్నానని తర్వాత తనే చెప్పాడు. నలభై కోట్లమంది తలరాత మారే రోజును ఒక మనిషి తన యుద్ధ జ్ఞాపకాన్నిబట్టి నిర్ణయించాడు. ఆ తొందరలో దేశ విభజనకు మిగిలింది రెండు నెలలు చిల్లర. తేదీ ఎంపిక ఒక్కోసారి అలంకారంతో ఆగదు, దానికి జనం మూల్యం చెల్లిస్తారు.

భారత్‌కు స్వాతంత్ర్యం ఇచ్చిన బ్రిటిష్ చట్టం ప్రకారం పాకిస్తాన్ పుట్టినరోజు కూడా ఆగస్టు 15. ఆ దేశం 1948 జూలైలో విడుదల చేసిన మొదటి స్టాంపుల మీద కూడా 15 ఆగస్టు 1947 అనే ఉంది. మౌంట్‌బాటన్ ఒకే సమయంలో కరాచీలోనూ ఢిల్లీలోనూ ఉండలేడు కాబట్టి కరాచీ కార్యక్రమం 14న జరిగింది. తర్వాత ఉత్సవం కూడా 14నే స్థిరపడింది. ఒకే చట్టంతో పుట్టిన రెండు దేశాలకు రెండు తేదీలు.

తేదీ ఎక్కడ నిలబడి చూస్తున్నామన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. జపాన్ లొంగుబాటు వార్త వాషింగ్టన్‌లో ట్రూమన్ ప్రకటించేసరికి అక్కడ ఇంకా ఆగస్టు 14 సాయంత్రమే. పెర్ల్ హార్బర్ దాడి అమెరికన్లకు 1941 డిసెంబర్ 7, జపాన్ వాళ్లకు డిసెంబర్ 8. మలయాలో కోటా బారు తీరం మీద జపాన్ సైన్యం దిగింది స్థానికంగా డిసెంబర్ 8న. పుస్తకంలో చూస్తే ఇది పెర్ల్ హార్బర్ తర్వాతి రోజు జరిగినట్టుంటుంది. నిజానికి దానికంటే సుమారు గంట ముందే మొదలైంది. అంతర్జాతీయ దినరేఖ మధ్యలో ఉండడంతో ముందు జరిగినదానికి తర్వాతి తేదీ పడింది. చంద్రుడి మీద ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు మోపింది కూడా అమెరికాలో 1969 జూలై 20 రాత్రి. భారత్‌లో అప్పటికి 21 ఉదయం.

ఇక క్యాలెండర్ల తికమక. షేక్‌స్పియర్, సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23న, ఒకే రోజు చనిపోయారని ఎన్నో చోట్ల చదువుతాం. యునెస్కో ప్రపంచ పుస్తక దినానికి ఏప్రిల్ 23 ఎంచుకోవడానికి ఈ జతే ఒక కారణం. స్పెయిన్ 1582లోనే గ్రెగోరియన్ క్యాలెండర్‌కు మారింది. ఇంగ్లండ్ పాత జూలియన్ క్యాలెండర్‌నే పట్టుకుని ఉంది. అప్పటికి రెండిటి మధ్య 10 రోజుల తేడా. స్పెయిన్ లెక్కలో చూస్తే షేక్‌స్పియర్ పోయింది మే 3న. పైగా సెర్వాంటెస్ చనిపోయింది 22న అని, 23 ఖననం చేసిన తేదీ అని పరిశోధకులు చెబుతారు. అంటే ఇద్దరూ ఒకే రోజు పోలేదు, పక్కపక్క రోజుల్లో కూడా పోలేదు.

'గెలీలియో చనిపోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడు' అన్న మాటా ఇలాంటిదే. గెలీలియో 1642 జనవరి 8న పోయాడు, ఇటలీ కొత్త క్యాలెండర్ ప్రకారం. న్యూటన్ 1642 క్రిస్మస్ రోజున పుట్టాడు, ఇంగ్లండ్ పాత క్యాలెండర్ ప్రకారం. ఒకే క్యాలెండర్‌లో పెడితే న్యూటన్ పుట్టింది 1643 జనవరి 4న. రెండు కొలబద్దలతో కొలిచి సమానమని చెప్పుకుంటున్నాం.

బ్రిటన్ చివరికి 1752లో మారింది. సెప్టెంబర్ 2 రాత్రి పడుకున్నవాళ్లు సెప్టెంబర్ 14న లేచారు. ఆ ఏడాది అక్కడ సెప్టెంబర్ 3 అనేదే లేదు, క్రామ్‌వెల్ అదృష్ట దినం ఆ ఏటికి గల్లంతు! 1939లో బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది సెప్టెంబర్ 3నే కాబట్టి దాన్ని కూడా క్రామ్‌వెల్ విజయాల పక్కన పెట్టే జాబితాలున్నాయి. కొత్త లెక్కలో ఆ విజయాలు సెప్టెంబర్ 13న వచ్చాయి. రష్యా ఇంకా ఆలస్యంగా, 1918లో మారింది. అందుకే అక్టోబర్ విప్లవం వార్షికోత్సవం నవంబర్ 7న వస్తుంది. ఫిబ్రవరి విప్లవం మొదలైన పాత ఫిబ్రవరి 23 కొత్త లెక్కలో మార్చి 8. ఇక్కడ మాత్రం తేదీ ఊరికే కలవలేదు. పెట్రోగ్రాడ్ బట్టల మిల్లుల్లో మహిళలు సమ్మెకు దిగిందే మహిళా దినోత్సవం రోజున.

జాబితాలు తయారయ్యే తీరు గురించి కూడా ఒక మాట. 2001 తర్వాత సెప్టెంబర్ 11 అంటే లోకమంతటికీ ఒకటే గుర్తొస్తుంది. ఆ తర్వాతే వెనక్కి వెళ్లి, 1893లో వివేకానంద షికాగోలో మాట్లాడింది ఆ రోజే, 1906లో జొహన్నెస్‌బర్గ్ సభలో గాంధీ సత్యాగ్రహానికి నాంది పలికింది ఆ రోజే, 1973లో చిలీలో సైనిక కుట్ర జరిగిందీ ఆ రోజే అని దండ గుచ్చడం ఎక్కువైంది. పువ్వులు ముందే ఉన్నాయి, దారం తర్వాత దొరికింది. 1963 నవంబర్ 22న కెనడీ హత్యతో పాటు రచయితలు ఆల్డస్ హక్స్‌లీ, సి. ఎస్. లూయిస్ కూడా చనిపోయారు. కెనడీ వార్తల హోరులో వాళ్ల మరణాలు ఆ రోజుల్లో ఎవరికీ సరిగ్గా పట్టలేదు. ఇప్పుడు ముగ్గురినీ కలిపి చెప్పకుండా ఎవరూ ఉండరు. గెలీలియో పోయిన సరిగ్గా 300 ఏళ్లకు, 1942 జనవరి 8న పుట్టానని చెప్పుకునే స్టీఫెన్ హాకింగ్, ఆ రోజు దాదాపు రెండు లక్షలమంది పిల్లలు పుట్టి ఉంటారని తనే అంచనా వేశాడు. ఆయన పోయింది మార్చి 14న, ఐన్‌స్టైన్ పుట్టిన తేదీన. దానికి ఏమనేవాడో!

ఇంతవరకు చెప్పినవన్నీ ఒకే తేదీలో కలగలిసిపోయిన చోటు జర్మనీలో నవంబర్ 9. 1918లో ఆ రోజు జర్మన్ చక్రవర్తి కైజర్ గద్దె దిగినట్టు ప్రకటన వచ్చింది, బెర్లిన్‌లో సోషల్ డెమొక్రాట్ నాయకుడు షైడెమాన్ రిపబ్లిక్ ప్రకటించాడు. ఆ రిపబ్లిక్‌ను ద్రోహుల పనిగా చూసిన హిట్లర్, దానికి ఐదేళ్లు నిండుతున్న రోజుల్లో, 1923 నవంబర్ 8 రాత్రి మ్యూనిక్‌లోని ఒక బీర్ హాల్లో తిరుగుబాటు మొదలుపెట్టాడు. 9న ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపారు. పదిమందికి పైగా నాజీలు చచ్చారు, తిరుగుబాటు కూలింది. అధికారంలోకి వచ్చాక ఆ ఓటమినే పండగ చేసుకుని, ఏటా అదే రోజుల్లో పాత అనుచరులందరినీ మ్యూనిక్‌లో పోగేసేవాడు.

1938లో ఏం జరిగిందో అర్థం కావాలంటే ఆ పోగవడం తెలియాలి. పారిస్‌లో ఒక యూదు యువకుడు కాల్చిన జర్మన్ దౌత్య ఉద్యోగి నవంబర్ 9న చనిపోయాడు. వార్త వచ్చేసరికి పార్టీ నాయకులంతా వార్షికోత్సవం కోసం ఒకే హాల్లో ఉన్నారు. ప్రచార మంత్రి గోబెల్స్ అక్కడే రెచ్చగొట్టే ప్రసంగం చేశాడు. వాళ్లు బయటికి వెళ్లి తమ తమ ఊళ్లకు ఫోన్లు చేశారు. ఆ రాత్రి దేశమంతా యూదుల ప్రార్థనా మందిరాలు తగలబడ్డాయి, సుమారు 30,000 మంది యూదు పురుషులను పట్టుకుపోయారు. దౌత్య ఉద్యోగి ఆ రోజే చనిపోవడం యాదృచ్ఛికం. ఆదేశాలు అంత వేగంగా పాకడం మాత్రం తేదీ పుణ్యమే. మరుసటి ఏడాది నవంబర్ 8న, 1923 నాటి ఆ బీర్ హాల్లోనే, గియోర్గ్ ఎల్సర్ అనే వడ్రంగి పెట్టిన బాంబు పేలింది. హిట్లర్ ఏటా ఆ సాయంత్రం అక్కడికి వస్తాడని లోకమంతటికీ తెలుసు. ఆ ఏడు హిట్లర్ త్వరగా ముగించి వెళ్లిపోయాడు. బాంబు 13 నిమిషాలు ఆలస్యమైంది.

1989లో బెర్లిన్ గోడ తెరుచుకోవడం మాత్రం మళ్లీ పూర్తిగా కాకతాళీయం. తూర్పు జర్మనీ ప్రయాణ నిబంధనలు సడలించే కాగితాన్ని 10వ తేదీ తెల్లవారుజామున విడుదల చేయాలనుకున్నారు. ఆ సంగతి తెలియని పార్టీ ప్రతినిధి షబోవ్‌స్కీ 9 సాయంత్రం ప్రెస్ మీట్‌లో దాన్ని చదివేశాడు. ఎప్పటి నుంచి అని విలేకరులు అడిగితే కాగితాలు అటూ ఇటూ తిప్పి, నాకు తెలిసినంతవరకు వెంటనే అన్నాడు. జనం గోడ దగ్గరికి పోటెత్తారు. బోర్న్‌హోల్మర్ వీధి గేటు పూర్తిగా తెరుచుకునేసరికి రాత్రి పదకొండున్నర అయింది. ఇంకో అరగంట ఆగి ఉంటే జర్మన్ల విధి దినాల వరసలో బెర్లిన్ గోడ ఉండేది కాదు.

రెండు జర్మనీలు కలిసేటప్పుడు జాతీయ దినంగా నవంబర్ 9 పెడదామన్న మాట వచ్చింది. 1938 రాత్రి ఉన్న తేదీన బాణసంచా కాల్చడం కుదరదని వదిలేశారు. తూర్పు జర్మనీ పార్లమెంటు విలీనానికి 1990 అక్టోబర్ 3 ఖాయం చేసింది. యూరప్ విదేశాంగ మంత్రుల సమావేశం 2న ముగుస్తుంది, 7న తూర్పు జర్మనీ 41వ వార్షికోత్సవం వస్తుంది, అది రాకముందే పని అయిపోవాలి. ఆఫీసు డైరీ చూసి ఖాళీగా ఉన్న రోజు పెట్టినట్టుంది. ఆ తేదీకి ముందు జర్మన్ చరిత్రలో గుర్తుపెట్టుకోవలసిన బరువేమీ లేదు. వాళ్లకు కావలసింది సరిగ్గా అలాంటి తేదీయే.